దాతల దస్త్రములు

గ్రామమున భూమి దున్నువాడొకడు, దాని లెక్క వ్రాయువాడొకడు. వివాదము కచ్చేరీకెక్కిన దినమున నిలుచునది నాగలి కాదు, కరణము దస్త్రము. ఈ సంగతి మా పాఠకులలో భూవసతి గలవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆఫ్రికా ఖండపు జాతులు స్వాతంత్ర్యముకొఱకు సలిపిన పోరాటముల చరిత్రకు నేడిట్టి గతియే పట్టియున్నది. పోరాడినవారు మొజాంబిక్, అంగోలా, గినీ బిస్సావు, నమీబియా, దక్షిణాఫ్రికా దేశముల ప్రజలు. 1960 ప్రాంతము మొదలు 1990 వఱకు వారికి మందులు, వస్త్రములు, ఆయుధములు, అచ్చుపని, చదువు సమకూర్చినవారిలో ముఖ్యములైనవి తూర్పు జర్మనీ, సోవియట్ యూనియన్, చెకోస్లొవేకియా, యుగోస్లావియా, క్యూబా యను సామ్యవాద రాజ్యములు. ఆ రాజ్యములలో క్యూబా తప్ప మిగిలినవి నేడు భూపటమున లేవు. కాని వారి గుమాస్తాలు వ్రాసిపెట్టిన లెక్కలున్నవి. పుచ్చుకొన్నవారి కాగితములలో ననేకము శిబిరములలో తడిసినవి, వలసలలో పోయినవి, యుద్ధములలో చెడినవి. కావున చరిత్రకారుడు నేడు మొజాంబిక్ స్వాతంత్ర్యపు కథ వినగోరి బెర్లినుకు బోవలసియున్నది.

బెర్లినులోని కాగితములు తెఱువబడిన విధమే యొక విచిత్రము. 1990 అక్టోబరు 3న తూర్పు జర్మనీ యను రాజ్యము పశ్చిమ జర్మనీలో లీనమయ్యెను. అచ్చటి పాలక పక్షముయొక్కయు, కార్మిక సంఘములు మున్నగువానియొక్కయు పత్రములు 1992 నాటి శాసనముచే నొక ప్రత్యేక నిధిగా నేర్పడి జర్మన్ జాతీయ పత్రభాండాగారములో జేరినవి. సామాన్యముగ నా దేశపు ప్రభుత్వ పత్రములు ముప్పదియేండ్లు గడచినగాని పరిశోధకుల కందవు. ఈ నిధికి మాత్రమా నిబంధన లేదు. నిన్నటి దినమున వ్రాసిన రహస్య నివేదిక మఱునాడు పరిశోధకుని బల్లపైకి వచ్చెనన్నను అతిశయోక్తి కాదు. అదే కాలమున పశ్చిమ జర్మనీ విదేశాంగ శాఖ వ్రాసికొన్న కాగితములు తమ ముప్పదియేండ్ల గడువు తీఱువఱకు తాళములోనే యుండినవి. 1988 లోని తూర్పువాని యుత్తరము వెంటనే చదువ వచ్చెను. పశ్చిమమువాని యుత్తరము 2019 దాక కాచుకొనవలసి వచ్చెను.

జప్తు జరిగిన యింటి సామగ్రి యంతయు వీథిని బడును. చెంబులెన్ని, చిఱుగులెన్ని యని త్రోవనుబోవువాడెల్ల లెక్కించును. అప్పులవాని పెట్టెను తెఱచి చూచువాడు లేడు. తూర్పు జర్మనీ సంఘీభావమును గూర్చి 1990 తరువాత వెలువడిన రచనలలో గొన్నింట కనబడు తేలికమాటలకు ఈ యసమానత కొంత కారణమని మా తలంపు. పోర్చుగలు ఆఫ్రికాలో యుద్ధము సాగించుచున్న 1960 దశకమున దానికి ఫియట్ యుద్ధవిమానములమ్మినది పశ్చిమ జర్మనీ. ఆ విమానములు గినీలోను మొజాంబిక్‌లోను ఎగిరినవి. ఈ రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడనిదే న్యాయమైన తీర్పు పొసగదు.

ఇక తూర్పువారి పెట్టెలోనున్న దేమి? 1960 లో ఆ దేశమున ఆఫ్రికా జాతులతోడి సంఘీభావమునకై యొక కమిటీ యేర్పడినది. పేరు పలుమాఱులు మాఱి, తుదకు సంఘీభావ కమిటీ యను పేర స్థిరపడినది. దాని ధనమునకు ముఖ్యాధారము కార్మిక సంఘముల చందా. సంఘ సభ్యుడు నెలనెల చందాతోపాటు సంఘీభావపు బిళ్లను గొని తన సభ్యత్వ పుస్తకమున నతికించుకొనవలెను. ఇది పేరునకు స్వేచ్ఛాదానము. కొననివాని పుస్తకమున ఖాళీ గడి కనబడును గనుక, కొనకుండుటకు ధైర్యము గావలెను. అట్లని యిచ్చినవారందఱు భయముచేతనే యిచ్చిరనుట సత్యదూరము. ఫాసిజము తన యింటనే చెలరేగగా జూచిన తరము అది. దక్షిణాఫ్రికాలో వర్ణభేద ప్రభుత్వము చేయు పనులు వారికి వినినంతనే బోధపడినవి. మనయూళ్లలో దేవాలయ జీర్ణోద్ధరణకు పెద్దకాపు చందా వ్రాయించునపుడు ఇచ్చువారిలో భక్తి యెంత, మొగమాట మెంత యని యెవడు తేల్చగలడు? బిళ్లల లెక్కలలో మొత్తము గలదు గాని మనస్సు లేదు.

రాజ్యమునకు స్వప్రయోజనము లేకపోలేదు. తూర్పు జర్మనీని గుర్తించిన దేశముతో తాము రాయబార సంబంధము తెంచుకొందుమని పశ్చిమ జర్మనీ బెదరించుచున్న దినములవి. ఆఫ్రికాలో నొక మిత్రుని సంపాదించుట యనగా లోకములో నొక కుర్చీ సంపాదించుట. 1973 సెప్టెంబరులో ఉభయ జర్మనీలును ఐక్యరాజ్యసమితిలో జేరినవి. ఆ కుర్చీ దొరకిన పిమ్మట సహాయము ఆగిపోలేదు, ఇంకను పెరిగినది. ఇది గమనింపదగిన విషయము. స్వార్థమే సర్వమని చెప్పువారు దీనికి సమాధానము చెప్పవలసియుండును.

ఇచ్చినదానిలో నిజమైన యుపకారము చాల గలదు. దక్షిణాఫ్రికా జాతీయ కాంగ్రెసువారి ‘సెచాబా’ పత్రిక 1967 లో మొదలై, చాలకాలము తూర్పు జర్మనీలో అచ్చుపడి లోకమంతట వ్యాపించినది. కాగితపు ధర, సిరా ధర, కంపోజిటర్ల జీతము ఎఱిగిన మా వంటివారికి ఈ యొక్క దానము విలువ బాగుగ దెలియును. నమీబియా పోరాటములో గాయపడినవారిని ప్రత్యేక విమానములపై గొనిపోయి బెర్లిను నగరములోని బూఖ్ వైద్యశాలలో చికిత్స చేసిరి. ఈ విమానముల పేరనే తూర్పు జర్మనీ మాజీ రాయబారి హాన్స్-గేయోర్గ్ ష్లైఖర్, ఇలోనా ష్లైఖర్‌తో గలసి 1998 లో హరారేనుండి యొక గ్రంథము ప్రకటించెను. ప్రాణములిచ్చినవారును గలరు. 1984 డిసెంబరు 6న మొజాంబిక్ ఉత్తర భాగమందలి ఉనాంగో వ్యవసాయ క్షేత్రమునకు బోవు త్రోవలో సాయుధులు పొంచి కాల్చగా ఎనమండుగురు తూర్పు జర్మనులును, ఒక యుగోస్లావుడును మరణించిరి. వారు సైనికులు కారు. సేద్యపు పనికై వచ్చినవారు.

ఇప్పుడు లెక్కల రెండవ పుట త్రిప్పుదము. మొజాంబిక్ 1975 జూన్ 25న స్వతంత్రమైనది. స్వతంత్రమైన నాటినుండి తూర్పు జర్మనీకి అది పోరాడు తమ్ముడు మాత్రమే కాదు, బేరమాడు ఖాతాదారు కూడ. 1977 లో బెర్లిను పాలకులు గ్యుంటర్ మిట్టాగ్ అధ్యక్షతన నొక వ్యాపార కమిషను నేర్పరచిరి. కాఫీ ధర మిన్నంటి తమ ప్రజలు గొణుగుచున్న సంవత్సరమది. లారీలు, యంత్రములు ఆఫ్రికాకు బోవలెను. కాఫీ, బొగ్గు రావలెను. మొజాంబిక్ లారీలను అరువుగ దీసికొనెను. మొవాటీజ్ గనులనుండి బొగ్గు రావలసినంత రాలేదు. అంతర్యుద్ధము రైలుమార్గములను చెడగొట్టెను. అప్పు పెరిగెను.

ఈ యప్పును దీర్చిన దెవరు? 1979 ఫిబ్రవరిలో ఉభయ ప్రభుత్వములును కార్మికులను గూర్చి యొక యొడంబడిక చేసికొనెను. దాని ప్రకారము 1990 లోపల సుమారు 20,000 మంది మొజాంబిక్ యువజనులు తూర్పు జర్మనీ కర్మాగారములకు బోయిరి. చదువు, వృత్తివిద్య లభించునని వారితో జెప్పిరి. వారి జీతములో గొంత భాగము, కొన్ని సంవత్సరములలో నిర్ణీత మొత్తమునకు బైబడినదానిలో నూటికి 60 వంతుల వఱకు, పట్టి యుంచిరి; స్వదేశము చేరగానే మీ సొమ్ము మీ చేతికి వచ్చునని నమ్మబలికిరి. ఆ సొమ్ము మొజాంబిక్‌కు బోలేదు. బెర్లినులోనే మొజాంబిక్ చెల్లింపవలసిన బాకీలో జమకట్టబడెను. ఈ సంగతి పని చేసినవారికి దెలియదు. దస్త్రములు తెఱచిన పిమ్మట, హాన్స్-యోఆఖిమ్ డ్యోరింగ్ 1999 లో బ్రకటించిన గ్రంథము వంటి పరిశోధనలవలన లోకమునకు దెలిసెను.

1990 లో కర్మాగారములు మూతపడగా వారిలో బెక్కుమంది యింటికి దిరిగివచ్చిరి. మపూటో నగరములో వారిని ‘మద్జెర్మానెస్’ అందురు. తమ జీతమేమైనదని యడుగుచు వారు దశాబ్దముల పర్యంతము బుధవారమునాడు ఊరేగింపుగ వీథులలో నడచిరి. లేని రాజ్యపు జెండాను, తూర్పు జర్మనీ జెండానే, చేతబట్టుకొని నడచిరి. 2004 లో జర్మన్ రాయబార కార్యాలయము నాక్రమించిరి. మొజాంబిక్ ప్రభుత్వము కొంత సొమ్ము పంచిపెట్టినది. అది తమకు రావలసినదానిలో లేశమేనని వారి వాదము. జర్మన్ ప్రభుత్వము మా బాధ్యత మొజాంబిక్ ప్రభుత్వముతో దీఱినదని చెప్పినది. ఇద్దఱు భాగస్వాములు లెక్క చూచికొని లేచిపోగా, మూడవవాడైన పాలికాపు కళ్లములో నిలిచియున్నట్లున్నది.

పత్రపరిశోధనము పండితుల వేడుక యని తలంచువారికి ఈ యొక్క యుదాహరణము చాలును. బెర్లినులోని యొక యొడంబడిక ప్రతి, జమాఖర్చుల పట్టిక, మపూటోలోని యొక వృద్ధుని పాత జీతపు చీటి: ఈ మూడును ఒకచోట జేరిననాడే అతని మాటకు బలము. మొదటి రెండును దాత చేతిలోనున్నవి. చీటి యొక్కటియే పనివాని చేతిలోనున్నది. దానికి చెదలు పట్టకుండ జూచు దిక్కు లేదు.

లెక్కలలో నెన్నటికిని దొరకనివి వేఱు గలవు. 1978 మే 4న దక్షిణాఫ్రికా సైన్యము అంగోలాలోని కసింగా శిబిరముపై బడి వందలకొలది నమీబియా కాందిశీకులను జంపెను. మఱుసటి సంవత్సరము డిసెంబరులో ఎనుబదిమంది నమీబియా పిల్లలు తూర్పు జర్మనీ యుత్తర భాగమందలి బెల్లిన్ గ్రామమునకు జేరిరి. క్రమముగా వారి సంఖ్య నాలుగువందలు దాటెను. పెద్దవారైన పిదప స్టాస్‌ఫుర్ట్‌లోని స్నేహ పాఠశాలలో, సుమారు 900 మంది మొజాంబిక్ పిల్లలు చదివిన చోటనే, వారికిని చదువు చెప్పించిరి. పాలెన్ని, పలకలెన్ని యని దస్త్రములు చెప్పగలవు. 1990 మార్చిలో నమీబియా స్వతంత్రమయ్యెను. ఆ యాగస్టులోనే ఆ పిల్లలను ఉన్నపాటున విమానమెక్కించి వింధోక్ పంపిరి. పదునొకండేండ్లు మంచులో బెరిగి జర్మను భాషలో కలలుగన్న బాలిక, తన్ను గన్నతల్లి మాట బోధపడక నిలువబడినపుడు, ఆ ఘట్టమును ఏ కమిటీ గుమాస్తా వ్రాయును? అది వారే వ్రాయవలెను. ల్యూసియా ఎంగోంబె యను నామె 2004 లో తన యాత్మకథను బ్రకటించినది. దానికి బెట్టిన పేరు ‘95వ నంబరు బిడ్డ’. దస్త్రములో నామె పేరునకు బదులుగ నున్నది ఆ యంకె.

ప్రాగు కాగితములలో నింతకంటె సూక్ష్మమైన చిక్కు గలదు. గినీ బిస్సావు, కేప్ వర్దె ద్వీపముల విమోచనోద్యమ నాయకుడు అమిల్కార్ కబ్రాల్ వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. ఆఫ్రికా కన్న గొప్ప రాజకీయ తత్త్వవేత్తలలో నొకడు. చెకోస్లొవాక్ గూఢచార శాఖవారి దస్త్రములలో నతనికి ‘కార్యదర్శి’ యను మాఱుపేరు గలదని నతాలియా తెలెప్నెవా మున్నగు పరిశోధకులు కనుగొనిరి. ఈ యొక్కమాట పట్టుకొని కబ్రాల్ పరుల చారుడని తీర్మానించుట యెంత సులభము! తన పై యధికారికి మెప్పు గూర్చుటకై ప్రతి పరిచయమును తన వలలో బడిన చేపగ వ్రాయుట ఆ శాఖల గుమాస్తాల స్వభావము. అతడు వారిని వాడుకొనెనా, వారతనిని వాడుకొనిరా యన్నది ఆ కాగితము తేల్చదు. దానికి కబ్రాల్ స్వయముగ వ్రాసికొన్న పత్రములు చూడవలెను.

ఆ పత్రముల కథ వినుడు. 1973 జనవరి 20న కొనాక్రీ నగరములో కబ్రాల్ హత్య గావింపబడెను. అతని దేశము స్వతంత్రమైన పిమ్మట బిస్సావు నగరములో నొక పరిశోధన సంస్థ వెలసి, దేశపు పాతపత్రములను భద్రపఱచుచుండెను. 1998 లో నక్కడ అంతర్యుద్ధము చెలరేగి, సైనికులా భవనమును శిబిరము చేసికొనిరి. కాగితములు, ధ్వని ముద్రికలు వానలోను బురదలోను బడి చాలవఱకు పాడయ్యెను. కబ్రాల్ సొంత పత్రములను తుదకు శుద్ధిచేసి, ఛాయాప్రతులు దీసి భద్రపఱచినది లిస్బన్ నగరములోని మారియో సోరెష్ సంస్థ. ఏ రాజ్యముతో నతడు జీవితమంతయు బోరాడెనో ఆ రాజ్యపు రాజధానియే నేడతని యుత్తరములకు నెలవు. ఆ సంస్థవారు చేసినది మంచిపనియే. వారిని మేము మెచ్చుకొనుచున్నాము. మెచ్చుకొనుచునే సిగ్గుపడవలసిన మంచిపనులు కొన్ని లోకములో గలవు.

మాస్కో తలుపులు 1990 దశకారంభమున కొంత తెఱచుకొని పిమ్మట పెక్కు మూసికొనిపోయినవి. హవానాలో నియమము మఱియు విచిత్రము: అంగోలా యుద్ధపు రహస్య పత్రములు పియెరో గ్లైహెసెస్ యను పండితునికి జూపబడినవి, అందఱికిని గాదు. అతని రెండు గ్రంథములు, 2002 లోను 2013 లోను వెలువడినవి, దొడ్డవి. కాని ఒక్కనికే తెఱచిన తలుపు తలుపని పించుకొనదు.

దాతలనే దూషించిన న్యాయము కాదు. పుచ్చుకొన్న పక్షములు నేడు ప్రభుత్వములైనవి. వానికిని కొన్ని కాగితములు వెలుగు చూడకుండుటయే హితమని తోచుచున్నది. 1980 దశకమున అంగోలాలోని లుబాంగోవద్ద నమీబియా విమోచన పక్షమైన స్వాపో తనవారినే వందలకొలది గూఢచారులని యనుమానించి గోతులలో బంధించెను. తిరిగి వచ్చినవారు పేరు తుడిచిపెట్టుమని యడిగిరి. తిరిగి రానివారి బంధువులు జాడ యడిగిరి. మిత్రరాజ్యముల దస్త్రములలో దీనిని గూర్చిన మౌనమును, స్వదేశములోని మౌనమును ఒకదానికొకటి యండగ నున్నవి. మౌనమునకు సామ్యవాద మనియు, జాతీయ మనియు భేదము లేదు. దక్షిణాఫ్రికా జాతీయ కాంగ్రెసువారు 1990 తరువాత పరదేశములందలి తమ కార్యాలయముల కాగితములను రప్పించి ఫోర్ట్ హేర్ విశ్వవిద్యాలయమున భద్రపఱచిరి. లోపములెన్ని యున్నను, తమ యిల్లు తామే చక్కబెట్టుకొన్న పని యిది. తక్కిన పక్షములు దీనిని జూచియైన కదలవలెను.

ఈ ప్రస్తావనమున మన దేశమునకు బెద్ద పీట వేసికొనుటకు మేము జంకుచున్నాము. దక్షిణాఫ్రికాతో వర్తకము నందఱికన్న ముందు, 1946 లో, నిషేధించిన కీర్తి భారతదేశమునది. 1967 లో ఢిల్లీయందు దక్షిణాఫ్రికా కాంగ్రెసు కార్యాలయము వెలసెను. 1986 లో హరారే సభలో నేర్పడిన ఆఫ్రికా నిధికి మన ప్రభుత్వమే యధ్యక్షత వహించెను. మంచిది. ఆ నిధి కాగితము లెక్కడ? ఎవరికేమి యిచ్చితిమి, ఏ సరకు ఏ రేవున దిగెను, ఎవరి చేత బడెను? 2022 డిసెంబరులో జాతీయ పత్రభాండాగారపు టధికారియే సభాముఖమున జెప్పిన మాట పాఠకులకు జ్ఞాపకముండవచ్చును: 1962, 1965, 1971 యుద్ధముల దస్త్రములే తమకు జేరలేదనియు, 151 మంత్రిత్వ శాఖలలోను విభాగములలోను 36 మాత్రమే తమ దస్త్రములను బంచుకొన్నవనియు నాయన వాపోయెను. ఇరువదియైదేండ్లు నిండిన విలువగల దస్త్రములు భాండాగారమునకు జేరవలెనను నియమముండియు ఇదీ స్థితి. మన దానములకు మన యింటనే లెక్క దొరకనపుడు బెర్లినును విమర్శించుట కొంచెము తగ్గు స్వరముతోనే చేయవలసియున్నది.

తెలుగువారికి ఈ విషయము మఱియు దగ్గఱది. 1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ మద్రాసునుండి డర్బన్ చేరెను. నాటినుండి ఒడంబడిక కూలీలుగ నేటాలు చెఱకుతోటలకు బోయినవారిలో తెలుగువారు వేలకొలది గలరు. వారి మనుమలు తమ పూర్వుల గ్రామమేదో తెలిసికొనగోరినపుడు వెదకునది ఓడ జాబితాలు: పేరు, తండ్రిపేరు, కులము, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ. వారిని సరకువలె లెక్కించినవారు వ్రాసిన కాగితమే నేడు వారికి దిక్కు. అట్టి కాగితమును దహించుట గాదు, దాని ప్రతి తమ చేత నుండుట వారికి గావలెను.

నాటి నెల్లూరు మండలమున, గూడూరు ప్రాంతమున 1924 లో జన్మించిన ఏనుగ శ్రీనివాసులురెడ్డిగారు దీనిని బాగుగ గ్రహించిరి. 1963 మొదలు రెండు దశాబ్దములకు బైగా ఐక్యరాజ్యసమితిలో వర్ణభేద వ్యతిరేక కార్యమునకు ఆధారస్తంభమై, ఎందఱెందఱో పోరాటవీరుల యుత్తరములకు, విన్నపములకు నాయన చేయి గమ్యస్థానమయ్యెను. ఉద్యోగము విరమించిన పిదప నాయన చేసిన పని, 2020 లో మరణించువఱకు, ఆ కాగితములను గూర్చి పంచుట. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున కొన్ని, ఢిల్లీలో నప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయమున కొన్ని, దక్షిణాఫ్రికా విద్యాసంస్థలలో కొన్ని యుంచిరి. ఒకచోట వాన పడినను వేఱొకచోట పొడిగ నుండును. ఒక ప్రభుత్వము తాళము వేసినను వేఱొక తాళపుచెవి దొరకును.

బెర్లిను, ప్రాగు, బెల్‌గ్రేడు నగరముల భాండాగారములు తమ సంఘీభావ దస్త్రముల సంపూర్ణ ప్రతులను మపూటో, వింధోక్, బిస్సావు నగరములకు బంపవలెనని యడుగుటకు ఈ మార్గముకన్న వేఱు దృష్టాంత మక్కఱలేదు. నేడు ఛాయాప్రతి తీయుటకు బట్టు వ్యయము ఆనాడు పంపిన యొక లారీ వెలలో శతాంశము గాదు. మన విదేశాంగ శాఖ తన ఆఫ్రికా నిధి కాగితములతో దీనికి శ్రీకారము చుట్టవచ్చును. ఆనాటి జీతపు చీటీలు దాచుకొన్నవారిలో చిన్నవానికి నేడు అఱువదియేండ్లకు దగ్గఱ.